ఏడో నంబరు ఆస్తి

మా ఉద్దానంలో కొబ్బరిచెట్టును ఆస్తి అంటే ఎవరూ నవ్వరు. అందుకే శ్రీకాకుళంలో డిజిటల్ పాఠాల శిక్షణకు వెళ్లినప్పుడు, చేతిలో పెట్టిన పదకోశంలో ‘అసెట్ అనగా ఆస్తి’ అని చదివి నేనూ నవ్వలేదు. భక్తిగా రాసుకున్నాను.

పాఠం నీటిచక్రం. స్టోరీబోర్డులో, అంటే ఏ తెర మీద ఏ బొమ్మ రావాలో, ఏ మాట వినిపించాలో గళ్లు గీసి రాసే కాగితంలో, ముందుగా ఆస్తుల వివరం, అంటే పాఠంలో వాడే బొమ్మల జాబితా, నింపాలి. సముద్రం ఒకటి, సూర్యుడు ఒకటి, మేఘాలు రెండు, ఆవు ఒకటి, పూరిల్లు ఒకటి. ఏడోది కొబ్బరిచెట్టు. ఇంత ఆస్తి మా వంశంలో ఎవరూ చూడలేదు.

శిక్షణ ఇచ్చే కుర్రాడు మంచివాడే. ‘‘ఈ ఆస్తిని ఎన్ని పాఠాల్లోనైనా వాడుకోవచ్చు సార్’’ అన్నాడు.

‘‘తుపానుకి పడిపోతే బాబూ?’’

‘‘సర్వర్‌లో బ్యాకప్ ఉంటుంది సార్.’’

2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మాకీ సదుపాయం లేదు. సరే, చెట్టు చూపించమన్నాను. దాని కింద పడక కుర్చీ, పక్కన రంగురంగుల గొడుగు. గొడుగు తీసేయమంటే కుదరదట. చెట్టూ గొడుగూ కుర్చీ కలిపి ఒకే ఆస్తి. భాగపంపకాలు కాలేదన్నమాట!

‘డ్రాగ్ అండ్ డ్రాప్’కి పదకోశం పెట్టిన పేరు ‘ఈడ్చి విడుచుట’. లాగి వదలమంటే వలలు లాగే ఇళ్ల గుంటలకి రెండోసారి చెప్పక్కర్లేదు. కానీ వాళ్లిప్పుడు గుంటలు కారు, ‘అంతిమ వినియోగదారులు’. అంతిమ అన్న మాట తర్వాత మా వైపు యాత్రే వస్తుంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం, 30న ఈడ్చి విడుస్తాం.

పాఠం తయారయ్యాక ‘స్కార్మ్’ పొట్లం కట్టాలి. ఎవరు చేసిన పాఠమైనా ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనైనా నడవాలని అమెరికా రక్షణ శాఖ కార్యక్రమం ఒకటి పెట్టిన పద్ధతి అది. 2001 నాటి 1.2 రకంలో పిల్లల స్థితికి ఉన్నవి ఆరే మాటలు: పాసయ్యాడు, పూర్తిచేశాడు, ఫెయిలయ్యాడు, సగంలో ఆపాడు, ఊరికే తిరగేశాడు, ముట్టుకోలేదు.

మా ఐదో తరగతి పిల్ల ఒకతి మేఘాన్ని కొండ మీదికి లాగుతుండగా కరెంటు పోయింది. చీకటి తెర వైపు కాసేపు చూసి, నా వైపు తిరిగింది. ‘‘మాస్టారూ, సముద్రం నీల్లు ఉప్పన గదా, వాన సప్పగుంతాదేటి?’’

మధ్యాహ్న భోజనం పొయ్యి మీద గిన్నెలో ఉప్పునీళ్లు మరిగించాను. మూత లోపల పట్టిన బొట్టును చల్లారాక వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ‘‘సప్పన!’’ అని ఎగిరింది.

మర్నాడు రిపోర్టులో ఆ పిల్ల పేరుకు ఎదురుగా ఎర్ర రంగులో ‘సగంలో ఆపింది’. మీ బడి వెనకబడింది, సంజాయిషీ రాయండని పైనుంచి ఫోను.

ఎవరయ్యా ఆపింది? ఆపింది కరెంటు! ఆ పిల్ల అడిగింది. అడిగి, నాలికతో తేల్చుకుంది. మీ ఆరు మాటల్లో ‘అడిగింది’ ఎక్కడుంది? ఆవుకి నంబరిచ్చారు, గొడుగుకి బ్యాకప్ ఇచ్చారు, ఈ పిల్ల నోట్లోంచి వచ్చిన ప్రశ్నకి గడి గీయడానికి చేతులు రాలేదా?

సంజాయిషీ రాసిచ్చాను. కరెంటు పోయిన సమయంలో పడక కుర్చీతో సహా ఆస్తులన్నీ క్షేమం అని.