బారసాల దాకా బతికితే చాలు

పిల్లలు లేని మృకండు మహర్షికి శివుడు ప్రత్యక్షమై, నూరేళ్లు బతికే మందమతి కావాలా, పదహారేళ్లకే పోయే గుణవంతుడు కావాలా అని అడిగాడు. మహర్షి రెండోవాడినే కోరుకున్నాడు. ఆయన శిష్యపరంపర ఇంకా అంతరించలేదు. అమెరికాలో మిసోరీ రాష్ట్రం వెళ్తే లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ అనే పెద్ద జలాశయం ఒడ్డున, చేతిలో గ్రీజు గుడ్డతో కనిపిస్తారు. వాళ్లని పవర్‌బోటు, అంటే బాణంలా దూసుకుపోయే మోటారు బోటు, ఓనర్లు అంటారు.

మొదటి రకం సంతానం మనకీ తెలుసు. గోదావరి మీద పంటుని లాగే డీజిల్ ఇంజన్ అలాంటిదే. పొగ వదులుతుంది, దగ్గుతుంది, తాత కొన్నదాన్ని మనవడు నడుపుతాడు. ఎవరూ దాని ఫొటో తీసుకోరు.

రెండో రకం వేరు, అది పవర్‌బోటు ఇంజన్. ఎనిమిది లీటర్లు దాటిన వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, మీద లోపలికి గాలి కుక్కే ధగధగలాడే సూపర్‌ఛార్జర్. దీని వయసు ఏళ్లలో చెప్పరు, కిలోమీటర్లలో అసలే చెప్పరు. గంటల్లో చెబుతారు. మామూలు పెట్రోలు బోటు ఇంజన్ 1,500 గంటలు లాగిస్తుందని ఒక లెక్క. 500 హార్స్‌పవర్‌కి పెంచిన ఇంజన్‌ని 500 గంటలకు అటూ ఇటూగా విప్పి చూడాలంటారు. సూపర్‌ఛార్జర్ తగిలిస్తే 300 గంటలు దాటడమే గొప్ప.

500 గంటలంటే ఇరవై రోజుల ఇరవై గంటలు. అంటే ఇరవై ఒకటో రోజున, పంతులుగారు పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయిస్తుండగా, బిడ్డ కన్ను మూస్తుందన్నమాట. 300 గంటలదైతే పదకొండో రోజు పురుడు చూసుకుని, మర్నాటి మీద ఒక పూట ఉండి వెళ్లిపోతుంది.

దీన్ని తయారీ లోపమనే అజ్ఞానులున్నారు. కారు ఒకసారి వేగం అందుకున్నాక దొర్లుతుంది, ఇంజన్ సగం నిద్రలో ఉంటుంది. బోటు దొర్లదు. వేగం పెంచే మీట, అదే థ్రాటిల్, వదిలితే నీళ్లలో చతికిలపడుతుంది. అంటే ఈ ఇంజన్‌కి తిరుమల కొండెక్కే ఘాట్ రోడ్డు మాత్రమే రాసిపెట్టి ఉంది, దిగే రోడ్డు వేయడం దేవుడు మర్చిపోయాడు. పైగా అల మీద బోటు ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాల్లోకి వస్తుంది. అడ్డం లేకపోయేసరికి ఇంజన్ ఒక్కసారి గొంతు చించుకుంటుంది, మరుక్షణం ప్రొపెల్లర్ నీళ్లకి గుద్దుకుంటుంది. ఆ దెబ్బ గేర్ల దాకా పోతుంది. సముద్రం పందేల్లో అందుకే ఒకరు స్టీరింగ్ పడితే ఇంకొకరు థ్రాటిల్ పడతారు. ఒక్క బిడ్డకి ఇద్దరు ఆయాలు.

ఇక కైంకర్యాలు. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల అభిషేకం తప్పదు. నీళ్లు పీల్చుకునే రంధ్రాల మీద, రెండు చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లలాంటి రబ్బరు దొప్పలు బిగించి, తోటకి నీళ్లు పెట్టే గొట్టం తగిలించి, కాసేపు ఇంజన్ నడపాలి. పాతిక, యాభై గంటలకోసారి ఆయిల్ మార్పు. నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఏడాదికోసారి. వాల్వ్ స్ప్రింగులు బిగువు తగ్గాయో లేదో చూడాలి, ఒక్కటి విరిగినా వాల్వు వెళ్లి పిస్టన్ మీద పడుతుంది. ఆయిల్ గేజి పుల్ల లాగి చూసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. ఆ రంగు చూసిన ఓనరు ఆ రోజు కాఫీ తాగడు.

అనుమానమున్నవాళ్లు ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపుతారు. రిపోర్టులో అల్యూమినియం పెరిగితే పిస్టన్ల మీద, రాగి పెరిగితే బేరింగుల మీద కన్నేయాలి. సోడియం పెరిగితే ఉప్పునీళ్లు దూరాయేమో చూడాలి. మన డాక్టరూ ఉప్పు తగ్గించమనే చెబుతాడు, కానీ ఇంత ఫీజు తీసుకోడు.

పోనీ నడపకుండా దాచుకుందామా? అదీ కుదరదు. కదలకుండా ఉంటే లోపల చెమ్మ చేరి సిలిండర్లు తుప్పు పడతాయి, ఇథనాల్ కలిసిన పెట్రోలు నీళ్లు పీల్చి పాడవుతుంది. మిసోరీ చలికి బ్లాకులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుమునే పగలగొడతాయి. అందుకే శీతాకాలానికి ముందే నీళ్లు తీసేసి, యాంటీఫ్రీజ్ పోసి, సిలిండర్లలోకి నూనె చల్లి పడుకోబెడతారు. నడిపితే అరుగుదల, ఆపితే తుప్పు. ఉమ్మడి కుటుంబంలో పెద్దల్లుడు కూడా ఇంత సాధించడు.

మనమూ ఈ భాగ్యానికి మరీ దూరం కాదు. 2018 నవంబరులో ఎఫ్‌1 హెచ్‌2ఓ అనే అంతర్జాతీయ పవర్‌బోటు పందెం విజయవాడ దగ్గర కృష్ణలో జరిగింది, అమరావతి పేరుతో ఒక జట్టు కూడా దిగింది. ఆ బోట్లవి రెండున్నర లీటర్ల టూస్ట్రోక్ ఇంజన్లు. సైజులో ఆల్టో 800 కారు ఇంజన్‌కి మూడింతలు, బలం దాదాపు 400 హార్స్‌పవర్, అంటే ఎనిమిదింతలు పైనే. ఆ మిగతా అయిదింతలూ ఎవరి ఆయుష్షులోంచి వచ్చాయో గట్టు మీద ఈల వేసినవాళ్లు అడిగినట్టు లేదు.

సెకండ్ హ్యాండ్ బోటు కొనేటప్పుడు మాత్రం అన్నీ అడుగుతారు. ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో ఇంజన్ కంప్యూటర్‌లో రాసి ఉంటుంది. ఆ ప్రింటవుట్ తీసి, సంబంధం చూసేవాళ్లు జాతకం తిప్పినట్టు తిప్పుతారు. "గంటలు తక్కువే, ఎక్కువ రోజులు ఊరికే ఉందండీ" అని అమ్మేవాడంటే, కొనేవాడి ముఖం ఇంకా వాడిపోతుంది.

అసలు మార్కండేయుడికి శివలింగం దొరికింది. వీళ్లకి మెకానిక్కు దొరుకుతాడు, వీళ్లూ కావలించుకుంటారు. ఆయన ఇంజన్ దింపి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, స్ప్రింగులు మార్చి, బిల్లు చేతిలో పెట్టి, ఒక పథ్యం చెబుతాడు: "మొదటి పది గంటలూ ఫుల్ థ్రాటిల్ మాట ఎత్తొద్దు. బాలింతరాలు అనుకోండి."

కాబట్టి వచ్చే వేసవిలో మొదటి ఆదివారం, 1,000 హార్స్‌పవర్ బోటులో, రేసు గాగుల్స్ పెట్టుకుని, మన ఓనరు నడక వేగంతో బయల్దేరతాడు. పక్కనుంచి పీపాల మీద బల్ల పరిచినట్టుండే పాంటూన్ బోటు ఒకటి వస్తుంది. అందులో తాతగారు, నానమ్మగారు, కుక్క. దాటిపోతూ తాతగారు చెయ్యి ఊపుతారు. అవసరమైతే తాడు కట్టి లాక్కెళ్తామని సైగ కూడా చేస్తారు.