రొయ్య, ధాన్యం ధర పడితే ఎవరి ప్రాణం మీదికి?

మాంద్యంలో చావులు పెరుగుతాయన్నది మామూలు నమ్మకం. అమెరికా లెక్కలు దీనికి అడ్డం తిరిగాయి. 1972–91 నడుమ రాష్ట్రాలవారీ గణాంకాలు చూసిన ఆర్థికవేత్త క్రిస్టొఫర్ రూమ్, నిరుద్యోగం ఒక శాతం పాయింటు పెరిగితే మొత్తం మరణాలు అర శాతం దాకా తగ్గాయని 2000లో చూపారు. రోడ్డు ప్రమాద మరణాలు తగ్గాయి, ఆత్మహత్యలు మాత్రం పెరిగాయి. మన దేశంలోనూ 2019లో 1.59 లక్షలున్న రోడ్డు మరణాలు లాక్‌డౌన్ ఏడాదిలో 1.38 లక్షలకు దిగి, 2022కల్లా 1.68 లక్షలయ్యాయి.

ఈ సగటును గోదావరి డెల్టాకు అతికిస్తే పప్పులో కాలేసినట్టే. రొయ్యకు ధర ఉన్నన్నాళ్లూ మేత లారీలు, ఐస్ బండ్లు 216 జాతీయ రహదారి మీదా, కాలవగట్ల మీదా రాత్రింబవళ్లు తిరుగుతాయి. ప్రమాదాల ముప్పు అప్పుడే ఎక్కువ. ధర పడ్డాక ముప్పు ఇళ్లలోకి మారుతుంది. కౌలుదారుకు మక్తా, అంటే చెరువుకు కట్టే కౌలు సొమ్ము, తగ్గదు. వంద కౌంటు (కిలోకు వంద రొయ్యలు) దగ్గర పట్టకుండా ధర కోసం ఆగితే మేతకూ, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటుకూ ఖర్చు నడుస్తూనే ఉంటుంది. ఈలోగా రొయ్యల్ని చంపే వైట్‌స్పాట్ వైరస్ సోకితే దొరికిన రేటుకు పట్టేయాల్సిందే. వరి కౌలుదారు సంగతీ అంతే: 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం లేనిదే సాగు హక్కు కార్డు రాదు, అది లేనిదే బ్యాంకు అప్పు దొరకడం గగనం. వడ్డీ వ్యాపారే దిక్కు. అప్పుడు ఇంట్లో ముందు ఆగేవి పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు. వాటి ఫలితం పక్షవాతంగానో గుండెపోటుగానో నెలలు గడిచాక బయటపడొచ్చు. ధర పడిన నెలలోనే వెతికేవారికి అది కనిపించదు.

పసిపిల్లల సంగతి మరీ దారుణం. 59 వర్ధమాన దేశాల కాన్పుల వివరాలు పరిశీలించిన అధ్యయనంలో, తలసరి ఆదాయం పడిపోయిన ఏళ్లలో శిశు మరణాలు పెరిగాయి. ఆ దెబ్బ ఆడపిల్లలకే ఎక్కువ తగిలింది.

డెల్టాలో ధర పడితే ఎవరి చావులు పెరుగుతాయో తేల్చాలంటే మరణాల రిజిస్టర్లే ఆధారం, వాటిలోనే ఓ చిక్కుంది. మరణాన్ని జరిగిన చోటే నమోదు చేస్తారు. అమలాపురం మనిషి కాకినాడ ఆసుపత్రిలో పోతే లెక్క కాకినాడది. కాబట్టి శాశ్వత చిరునామా గడిని బట్టి వేరుచేయాలి. ఇంట్లో పోయినవారికి డాక్టరు ధ్రువీకరించిన కారణం చాలాసార్లు ఉండదు; అక్కడ వయసు, లింగం, నెల మాత్రమే నమ్మదగినవి. వాటిని రొయ్య, ధాన్యం ధరల పక్కన పెట్టి, అదే నెలకూ, ఆరు నెలల తర్వాతకూ, ఏడాది తర్వాతకూ విడివిడిగా పోల్చాలి. పసిపిల్లలనూ, పనిచేసే వయసు మగవాళ్లనూ, అరవై దాటినవారినీ కలిపి కూడితే రోడ్ల మీద తగ్గింది ఇళ్లలో పెరిగినదాన్ని కప్పేస్తుంది.