ఖరీదైన కంప్యూటర్‌లో ధ్వని తెగిపోతే తప్పు సౌండ్ చిప్‌దేనా?

రెండు మూడు లక్షల రూపాయలు పెట్టి కొన్న డెస్క్‌టాప్‌లో పాట వింటున్నప్పుడో, గొంతు రికార్డు చేస్తున్నప్పుడో చిటపటలు, టక్కుమనే శబ్దాలు వస్తూ, ధ్వని మధ్యమధ్య తెగిపోతూ ఉంటే ఏం చేయాలో చెప్పే సలహా ఒకదాన్ని చాలాకాలంగా ఎందరో ఒకరికొకరు పంపుకుంటున్నారు. దాని సారాంశం ఇది: ఇంత శక్తిమంతమైన యంత్రంలో ప్రాసెసర్ వైపు లోపం ఉండే అవకాశం లేదు కాబట్టి దోషం మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్‌దే, మంచి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ ధ్వనిని స్పీకర్లకు పనికొచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే బయటి పెట్టె) ఒకటి కొంటే సమస్య పోతుంది, పోకపోతే ర్యామ్ పెంచాలి, శాంపిల్ రేటును (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ అంకెను) 192 కిలోహెర్ట్జ్‌కు మార్చాలి, బఫర్‌ను (ఆ కొలతలను, అంటే శాంపిళ్లను, ముందుగా నింపి ఉంచే తాత్కాలిక నిల్వను) చివరిదాకా పెంచాలి, అప్పటికీ పోకపోతే విండోస్‌ను తుడిచేసి మళ్లీ వేయాలి. విన్నప్పుడు ఇందులో ప్రతి మాటా సబబుగానే తోస్తుంది. అయితే దీన్ని పాటించిన వాళ్లలో చాలామందికి చేతి డబ్బు వదిలింది తప్ప చిటపట వదలలేదు. కారణం ఎక్కడుందో వెతకకుండా వస్తువులు మార్చమని చెప్పడమే ఈ సలహాలోని మూలదోషం.

మొదటి మాట, యంత్రం శక్తిమంతమైనది కాబట్టి ప్రాసెసర్ వైపు తప్పు ఉండదనేది. మిగతా పొరపాట్లన్నీ దీని నుంచే పుడుతున్నాయి కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ధ్వనికి కావలసింది మొత్తం శక్తి కాదు, వేళ తప్పకపోవడం. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున ధ్వని వెళ్తోందనీ, బఫర్ 256 శాంపిళ్లదనీ అనుకుంటే, ప్రాసెసర్ ప్రతి 5.3 మిల్లీసెకన్లకూ ఒకసారి తరువాతి ముక్కను సిద్ధం చేసి అందించాలి. బఫర్ 128 అయితే ఆ గడువు 2.7 మిల్లీసెకన్లే. ఒక్కసారి గడువు దాటినా చెవికి టక్కుమని వినిపిస్తుంది, మిగతా సెకనంతా ప్రాసెసర్ ఖాళీగా కూర్చున్నా ఆ టక్కు వెనక్కి పోదు. పెళ్లి భోజనాల దగ్గర గాడిపొయ్యి మీద ఎన్ని గుండిగల అన్నం ఉడికి ఉన్నా, వడ్డించే మనిషి గుమ్మంలో ఆగిపోతే పంక్తిలో విస్తరి ఖాళీగానే ఉంటుంది.

ఆ గుమ్మంలో అడ్డం నిలబడేవి చాలాసార్లు డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములు. నెట్‌వర్కు కార్డో, గ్రాఫిక్స్ కార్డో, డిస్కో తన పని పూర్తయిందని ప్రాసెసర్‌కు సంకేతం పంపినప్పుడు, విండోస్ ఆ సంకేతం అందిన కోర్‌లో (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే విభాగాల్లో ఒకదానిలో) నడుస్తున్న మామూలు పనిని పక్కన పెట్టి ముందు ఆ డ్రైవరు మాట వింటుంది. వెంటనే చేయవలసిన మొదటి భాగాన్ని ఐఎస్ఆర్ అనీ, దాని తరువాత జరిగే మిగతా పనిని డీపీసీ అనీ అంటారు. మొదటిది 25 మైక్రోసెకన్లకూ, రెండోది 100 మైక్రోసెకన్లకూ మించి సాగకూడదని డ్రైవర్లు రాసేవారికి మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ నియమాన్ని మీరి ఒక డ్రైవరు మూడు మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. ఆ కోర్ మీద తన వంతు కోసం ధ్వని కాచుకుని ఉంటే, 128 శాంపిళ్ల గడువు అక్కడితో దాటిపోయినట్టే. పదహారు కోర్‌లు ఉన్నా, ముప్పై రెండు ఉన్నా ఇది మారదు.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ఐదు శాతం కూడా లేదని చూపించి, అందుకే ప్రాసెసర్ తప్పు లేదని వాదించేవాళ్లు ఆ అంకె దేన్ని కొలుస్తుందో గమనించడం లేదు. ముప్పై రెండు థ్రెడ్‌ల (ఒకేసారి ముప్పై రెండు పనుల వరుసలను నడపగల) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయి ఊపిరాడని స్థితిలో ఉన్నా, మొత్తం సగటులో అది మూడు శాతంగానే కనిపిస్తుంది. పైగా అది దాదాపు సెకనుకు ఒకసారి చూపించే సగటు, మన గడువేమో మిల్లీసెకన్లలో ఉంది.

ధర ఎక్కువైనంత మాత్రాన ఈ ఆలస్యాలు రావనడానికి లేదని చెప్పే ఉదాహరణ ఒకటి బహిరంగంగానే ఉంది. ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసర్లున్న కొన్ని విండోస్ 10, 11 యంత్రాలు ఉన్నట్టుండి క్షణకాలం ఆగిపోవడం, ఆ క్షణంలో ధ్వని కూడా తెగడం చాలామంది గమనించారు. ఎఫ్‌టీపీఎం అనే భద్రతా విభాగం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ మెమొరీతో అప్పుడప్పుడు దీర్ఘంగా వ్యవహరించడమే ఇందుకు కారణమని 2022 మార్చిలో ఏఎండీ స్వయంగా ప్రకటించి, ఆ ఏడాది మే నుంచి బయోస్ (మదర్‌బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా పరిష్కారం అందుతుందని చెప్పింది. ఇక్కడ సౌండ్ చిప్‌కు పాత్ర లేదు. కొత్త డాక్ కొన్నవారికి దాని వల్ల ప్రయోజనమూ లేదు. (బయోస్ అప్‌డేట్ చేసే ముందు, డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కును తాళం వేసి ఉంచే విండోస్ ఏర్పాటు) రక్షణ ఉంటే రికవరీ కీని వేరే చోట భద్రపరచుకోవడం తప్పనిసరి. లేకపోతే ధ్వని బాగుపడినా ఫైళ్లు చేజారవచ్చు.)

ఇక రెండో మాట, దోషం సౌండ్ చిప్‌దేననేది. ఈ మాట అనే ముందు ధ్వని అసలు ఆ చిప్ గుండా పోతోందో లేదో చూడాలి. స్పీకర్లు మానిటర్‌కు తగిలించి ఉంటే ధ్వని హెచ్‌డీఎమ్ఐ తీగలో గ్రాఫిక్స్ కార్డు నుంచి వెళ్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లయితే రేడియో దారిన వెళ్తుంది. ఈ రెంటిలోనూ మదర్‌బోర్డు సౌండ్ చిప్ దారిలోనే లేదు. దారిలో లేనిదాన్ని దోషిగా నిలబెట్టి దానికి బదులు ఇంకొకటి కొనమనడం అన్యాయమైన సలహా.

చిప్ దారిలో ఉన్నప్పుడు కూడా దోషాన్ని కంటితో పోల్చుకోవచ్చు. గొంతును ఒక నిమిషం రికార్డు చేసి, చెడు శబ్దం వచ్చిన చోటును ఆడాసిటీ వంటి ఎడిటర్‌లో బాగా పెద్దది చేసి చూడండి. గీత నున్నగా సాగుతూ సాగుతూ ఒక్కసారిగా నిట్టనిలువుగా దూకినా, కొద్దిసేపు సున్నా మీద బల్లపరుపుగా పడుకున్నా, శాంపిళ్లు వేళకు అందలేదని అర్థం, అంటే తప్పు డ్రైవరు వైపో బఫర్ వైపో ఉంది. అలల శిఖరాలు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే మైక్ స్థాయి ఎక్కువ పెట్టారని అర్థం. దాన్ని తగ్గిస్తే చాలు, ఏదీ కొననక్కరలేదు. ఎవరూ మాట్లాడని చోట కూడా గీత సన్నగా వణుకుతూ ఉంటే అది ధ్వనిలో కలిసిన విద్యుత్ రొదో, గదిలోని శబ్దమో కావచ్చు. ఫైల్లో అసలు దోషమే లేకుండా వినేటప్పుడు మాత్రమే టక్కులు వస్తుంటే, వెతకవలసింది ధ్వని బయటికి వెళ్లే దారిలో. ఈ ఒక్క పరీక్ష అయిదు నిమిషాల పని. దీన్ని చెప్పకుండా నేరుగా కొనుగోలుకు పంపే సలహాను నేను బాధ్యతగల సలహాగా ఒప్పుకోలేను.

మూడోది యూఎస్‌బీ డాక్. అది బయట ఉంటుంది కాబట్టి కంప్యూటర్ లోపలి గొడవలేవీ దానికి అంటవని చాలామంది నమ్మకం. నిజానికి డాక్‌కు శాంపిళ్లు అందించేది అదే ప్రాసెసర్, అదే విండోస్, వాటికి తోడు యూఎస్‌బీ కంట్రోలరూ దాని డ్రైవరూ. అంటే ఆలస్యానికి తావిచ్చే గుమ్మం ఒకటి అదనంగా చేరింది. పైగా యూఎస్‌బీలో ధ్వని ప్రయాణించే పద్ధతి వేరు. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు కాపీ చేసేటప్పుడు ఒక ముక్క చెడిపోతే దాన్ని మళ్లీ పంపుతారు, ఆలస్యమైనా ఫైలు క్షేమంగా చేరుతుంది. ధ్వనికి వాడే ఐసోక్రనస్ పద్ధతిలో వేళకు పంపడమే తప్ప చెడిన ముక్కను మళ్లీ పంపడం ఉండదు. అందుకే ‘పెన్‌డ్రైవ్ బాగానే పనిచేస్తోంది కాబట్టి పోర్టులో లోపం లేదు’ అనే వాదన నిలవదు.

యూఎస్‌బీ దారిలోనే లోపం ఉండవచ్చనడానికి తయారీదారుల మాటలే సాక్ష్యం. 500 సిరీస్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ అనుసంధానం అప్పుడప్పుడు తెగుతోందని 2021లో ఏఎండీ ఒప్పుకున్నప్పుడు, ఆ లక్షణాల జాబితాలో యూఎస్‌బీ 2.0 ఆడియో చిటపటలను, అందులోనూ డాక్‌లను ప్రత్యేకంగా పేర్కొంది. పరిష్కారం అప్పుడు కూడా బయోస్ అప్‌డేట్ రూపంలోనే వచ్చింది. యాపిల్ యంత్రాలు కూడా దీనికి మినహాయింపు కాదు. 2019 మార్చిలో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 10.14.4 అప్‌డేట్ వివరాల్లో, 2018 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్ మినీలలో యూఎస్‌బీ ఆడియో పరికరాల విశ్వసనీయతను మెరుగుపరిచినట్టు ఆ సంస్థ రాసింది. ఈ యంత్రాల వాళ్లకు మరింత ఖరీదైన డాక్ కొనమని చెప్పి ఉంటే జరిగేది వృథా ఖర్చే.

డాక్ వల్ల నిజంగా మేలు జరిగే సందర్భం ఒకటుంది. మౌస్ కదిపినప్పుడల్లా, గ్రాఫిక్స్ కార్డు మీద భారం పెరిగినప్పుడల్లా హెడ్‌ఫోన్లలో సన్నని ఈల వినిపిస్తుంటే, అది కేబినెట్ లోపలి విద్యుత్ రొద ధ్వని తీగలో కలవడం వల్ల వస్తుంది. అప్పుడు ధ్వనిని బయట అనలాగ్‌గా మార్చే పరికరం ఉపయోగపడుతుంది. అయితే ముందు హెడ్‌ఫోన్లను కేబినెట్ ముందు జాక్ నుంచి తీసి, వెనుక మదర్‌బోర్డు జాక్‌కు పెట్టి చూడాలి. ముందు జాక్ తీగ గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచి పోవడమే కారణమైతే ఈల అక్కడితో ఆగుతుంది. గుయ్‌మని ఆగకుండా వచ్చే హోరు మన దేశంలోని 50 హెర్ట్జ్ కరెంటుది, దాని మూలం ఎక్కువగా ఎర్తింగ్‌లో ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేస్తే హోరు తగ్గుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ పని ప్రాణాపాయం కనుక ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచూపించుకోవడం, కంప్యూటర్‌నూ స్పీకర్లనూ ఒకే బోర్డు నుంచి తీసుకోవడం సరైన దారి.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ర్యామ్ చాలక, కావలసిన సమాచారాన్ని డిస్కు నుంచి తెచ్చుకోవలసి వస్తే ధ్వని తెగుతుంది, ఆ మాట నిజమే. 32 జీబీలో సగం ఖాళీగా ఉన్న యంత్రానికి మరో 32 జీబీ చేర్చితే ఖాళీ పెరుగుతుంది.

192 కిలోహెర్ట్జ్ సలహా మాత్రం పనికిరానిదే కాదు, హానికరం కూడా. మనిషి చెవికి అందే పైహద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది. రేటును 48 నుంచి 192కు పెంచితే పని నాలుగింతలవుతుంది, అదే 256 శాంపిళ్ల బఫర్‌కు గడువు 5.3 నుంచి 1.3 మిల్లీసెకన్లకు పడిపోతుంది. గడువు దాటుతున్నందుకే తెగుతున్న ధ్వనికి గడువునే కుదించడం చికిత్స ఎలా అవుతుంది? ఈ సలహాలో అసలు లేని ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మైక్ ఒక పరికరం నుంచి, స్పీకర్ మరొక పరికరం నుంచి నడుస్తుంటే రెంటి గడియారాలూ కచ్చితంగా ఒకేలా నడవవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా సెకనుకు 2.4 శాంపిళ్లు అటూ ఇటూ అవుతాయి, ఆ తేడాను సర్దే ఏర్పాటు లేకపోతే 107 సెకన్లకు 256 శాంపిళ్ల బఫర్ అంతా జారిపోతుంది. కాబట్టి టక్కులు గడియారం చూసినట్టు సమాన వ్యవధిలో వస్తుంటే ముందుగా అనుమానించవలసింది ఇదే. రికార్డింగూ వినడమూ ఒకే పరికరం మీద పెట్టి, విండోస్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే రేటు ఉంచితే ఇది పోతుంది.

బఫర్ పెంచమనడంలో సగం నిజం ఉంది. పాటను మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ 1024 శాంపిళ్లంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు. గాయని తన గొంతును హెడ్‌ఫోన్లలో అంత ఆలస్యంగా, పోయే దారీ వచ్చే దారీ కలిసి ఇంకా ఆలస్యంగా వింటే తాళం తప్పుతుంది. బఫర్ పెంచితే లోపం కనబడకుండా దాగుతుంది, ఆలస్యం చేసే డ్రైవరు మాత్రం అక్కడే ఉంటుంది.

చివరిది విండోస్‌ను మళ్లీ వేయడం. తుడిచేసిన వెంటనే ఇంటర్నెట్ తగిలించగానే అవే డ్రైవర్లు, తరచుగా అవే వెర్షన్లు, తిరిగి వచ్చి కూర్చుంటాయి. కొందరికి ఇలా చేశాక నయమైన మాట నిజమే, అయితే వారికి మేలు చేసింది దీపాల రంగులనూ ఫ్యాన్ల వేగాన్నీ నియంత్రించే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ పెట్టకపోవడమే కావచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ముందే తీసేసి చూస్తే ఒక రోజు పని మిగులుతుంది.

మళ్లీ వేసే బదులు లేటెన్సీమాన్ అనే సాధనాన్ని, ధ్వని చెడే పని చేస్తూ పావుగంట నడపాలి. ఏ డ్రైవరు ఎంతసేపు పట్టుకుందో అది పేరుతో సహా చూపిస్తుంది. ఎన్‌డీఐఎస్ అని ఉంటే నెట్‌వర్కు, ఎన్‌వీ అక్షరాలతో మొదలైతే చాలావరకు ఎన్‌విడియా గ్రాఫిక్స్, స్టోర్‌పోర్ట్ అయితే డిస్కు, ఏసీపీఐ అయితే విద్యుత్ నిర్వహణ. వీటిలో ఎన్‌డీఐఎస్, స్టోర్‌పోర్ట్ విండోస్‌వే అయినా వాటి ఖాతాలో పడిన ఆలస్యం నిజానికి వాటి కింద పనిచేసే కార్డు డ్రైవరుది కావచ్చు. అందుకే పేరు చూసి తీర్పు చెప్పకుండా, డివైస్ మేనేజర్‌లో వైఫైని ఆపి ఒకసారి, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి ఒకసారి, గ్రాఫిక్స్ డ్రైవరును పాత వెర్షన్‌కు మార్చి ఒకసారి, ఒక్కో మార్పుకూ విడిగా పరీక్షించాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వైఫై ఆపగానే ధ్వని శుభ్రపడితే కొత్త డ్రైవరో, లాన్ తీగో సరిపోతుంది. ఏది ఆపినా మారకపోతే, బయోస్ అప్‌డేట్ తరువాత కూడా అదే తీరైతే, లేటెన్సీమాన్ నివేదిక తెరపట్టును (స్క్రీన్‌షాట్‌ను) వారంటీలో ఉండగానే అమ్మినవారి ముందు పెట్టాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న యంత్రమైతే మదర్‌బోర్డు వారంటీ, గ్రాఫిక్స్ కార్డు వారంటీ వేర్వేరు సంస్థలవి. ఏ డ్రైవరు ఎన్ని మైక్రోసెకన్లు పట్టుకుందో చూపించే ఆ పేజీ చేతిలో ఉంటే, ‘సౌండ్ సరిగా రావట్లేదు’ అని మాత్రమే చెప్పినప్పుడు వచ్చే ‘డాక్ కొనుక్కోండి’ అనే సమాధానంతో వెనుదిరగవలసిన అవసరం ఉండదు.