ఉభయకుశలోపరి, మైకుగారూ

మహారాజశ్రీ వీధి చివరి మైకుగారికి, మీ స్తంభానికి మూడో ఇంట్లో అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, చెవులు తప్ప.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా తమరు నోరు మూసుకోవాలని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఉన్నాయి. తమరు నాలుగున్నరకే గొంతు సవరించుకుంటారు. గుడి మీదున్నా, మసీదు మీదున్నా, చర్చి మీదున్నా తమరి వాయింపు ఒకటే. మా ఊళ్లో మూడింటికీ సౌండ్ సర్వీసువాడు కూడా ఒక్కడే. ఇంతకన్నా మతసామరస్యం ఎక్కడుంది?

తిట్టడానికి రాయడం లేదు. తమరంటే నాకు గౌరవం, పోలియో వల్ల.

2002లో దేశం మొత్తం మీద 1,600 కేసులు. వాటిలో ఎక్కువ ఉత్తరప్రదేశ్‌వే. చుక్కలు వేయిస్తే ఆ పిల్లలకు రేపు సంతానం కలగదని పుకారు. ఐస్‌బాక్సు భుజాన వేసుకున్నవాళ్లు వీధిలోకి రాగానే తలుపులు పడిపోయేవి. ఈ ఇంట్లో చుక్కలు పడలేదని గుర్తుగా గోడ మీద సుద్దముక్కతో ఎక్స్ గీసి వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. అప్పుడు తమరి వంశంవాళ్లే ఆదుకున్నారు. పిల్లల్ని తీసుకురండని ఇమాములు మసీదు మైకులో పిలిచారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ పెద్దలు చుక్కలకు పూచీ పడ్డారు. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకు వచ్చిందే మన దేశంలో వైల్డ్ పోలియో, అంటే సహజంగా తిరిగే వైరస్‌తో వచ్చే పోలియో, చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి సర్టిఫికెట్ కూడా వచ్చింది.

అది చూసి మా ఆఫీసర్లకు అర్థమైంది ఒక్కటే: మైకు పెడితే పనైపోతుంది.

నిజానికి అక్కడ తలుపు తీసిన తల్లులు ఊరికే తీయలేదు. పిల్లకు జ్వరమొస్తే ఒక్కరూ రారు, మురిక్కాలవ తీసే దిక్కు లేదు, ఈ రెండు చుక్కలకు మాత్రం ఇన్నిసార్లు ఎందుకొస్తారని నిలదీశారు. ఆ నిలదీతను పై అధికారుల దాకా మోసింది ఆ వీధుల్లోని ఆడవాళ్లే. యునిసెఫ్ వాళ్లు అలాంటివాళ్లను వేలమందిని పనిలో పెట్టుకున్నారు. చివరికి 2009లో ఉత్తరప్రదేశ్, బిహార్‌లలోని పోలియో వదలని 107 మొండి బ్లాకులకు (మన మండలాల్లాంటివి) విడిగా ప్లాన్ వేసి, చుక్కలతో పాటు సబ్బుతో చేతులు కడగడం, విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు కూడా చేర్చారు. ఇమాం మాట చెల్లిందంటే గొట్టం పెద్దదని కాదు మైకుగారూ, ఆయన పోలియో ఆదివారం కాని రోజున కూడా అదే వీధిలో ఉంటాడు.

మా ఊరి సంగతి వినండి. మొన్న సర్వమత పెద్దలతో ఆరోగ్య సమావేశం పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆఫీసర్ల ఫొటోలు బారెడు, పిల్లాడి ఫొటో బెత్తెడు. పదింటికన్నది పన్నెండుకు మొదలైంది. పూజారిగారికి, ఇమాంగారికి, పాస్టరుగారికి తలా ఒక శాలువా, తలా ఒక సమోసా. ఊరంతా తిరిగే ఆశా కార్యకర్తకు కుర్చీ లేదు, గోడకానుకుని నిలబడింది. మీ మైకుల్లో అనౌన్స్ చేయండి అన్నారు, సరేనన్నారు. అంతలో పూజారిగారు లేచి, "మా వీధి నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగిస్తారండీ? పిల్లలకు వాంతులూ విరేచనాలూ" అన్నారు. ఇమాంగారూ తలూపారు, పాస్టరుగారూ తలూపారు. మూడు మతాలూ ఒక్క మాట మీదికొచ్చిన అపూర్వ ఘట్టం! వేదిక మీది సారు వాచీ చూసుకుని, "అది మా డిపార్ట్‌మెంట్ కాదండీ" అన్నారు. తర్వాత గ్రూపు ఫొటో.

తమరిది స్పీకరు జాతి. చెప్పడమే తప్ప వినడం తెలియదు. అయినా జనం తమరిని మైకు అనే పిలుస్తారు. ఈ అనుమానం సౌండ్ సర్వీసు కుర్రాడి దగ్గర పెడితే నవ్వాడు. "స్పీకర్ వైర్లు తీసుకెళ్లి మైకు పెట్టేచోట గుచ్చితే అదే మైకైపోద్ది సార్, మా గురువు చూపించాడు" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ చుక్కలు. శనివారం రాత్రి పది దాటాక నిచ్చెన తెమ్మని ఆ కుర్రాడికి రెండొందలు అడ్వాన్స్ ఇచ్చాను. రెండో కొస సారు టేబుల్ మీదికి.

ఇట్లు,
మూడో ఇంటివాడు

తా.క.: నాలుగున్నర సంగతి మర్చిపోకండి. ఆ వేళకు టేబుల్ దగ్గర సారు ఉండరు, ఇక్కడ నేనుంటాను.