బామ్మర్ది ఎడమ కాలు

వనస్థలిపురంలో మేం అద్దెకుండే ఇంటి కింది పోర్షన్‌లో ఓనర్లు యాదగిరి, లక్ష్మి ఉంటారు. ఆయనకు ఒక పది టైర్ల లారీ ఉంది, ఆవిడకు ఒక తమ్ముడున్నాడు. ఆ లారీకి డ్రైవరు ఆ తమ్ముడే. అందువల్ల పొద్దున పూట మాకు పేపరు అవసరం పడదు. నాకు సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు గానీ, వాళ్ల వంటింటి కిటికీ మా మెట్ల పక్కనే ఉండబట్టి, పానా చేతికిస్తే గేర్‌బాక్స్ విప్పేస్తానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మొన్న ఆదివారం విన్నది విన్నట్టు రాస్తున్నాను.

(మిక్సీ ఒక్కసారిగా అరిచి ఆగింది.)

యాదగిరి: ఎన్నిసార్లు చెప్పాలె? జార్ నిండ మినప్పప్పు పోసుడు, నీళ్లు పోయకపోవుడు, ఒక్కసారే మూడుల పెట్టుడు! ముందు ఒకటిల పెట్టు. జర నలిగినంక రెండు. నీది, నీ తమ్మునిది ఒక్కటే చెయ్యి.

లక్ష్మి: మిక్సీలకు నా తమ్ముడు యాడికెళ్లి వచ్చిండు?

యాదగిరి: రాక? గేర్‌బాక్స్ పోయింది. ఆటోనగర్ల బండి కిందికెళ్లి దించి పెట్టిన్రు. ఖాదర్ భాయ్ ఇయ్యాల విప్పుతుండు. ఆయన విప్పకముందే నేను చెప్త విను, క్లచ్ ప్లేట్ కాలి బొగ్గయి ఉంటది. నీ తమ్ముని ఎడమ కాలు క్లచ్ మీదికెళ్లి దిగితే గదా!

లక్ష్మి: కాలు వానిది. యాడ పెట్టుకుంటే నీకేంది?

యాదగిరి: కాలు వానిదే, ప్లేట్ నాది! పెడల్ మీద ఊరికె కాలు ఆనిచ్చినా ప్లేట్ పట్టు వదులైతది. ఇంజన్ ఒక స్పీడ్‌ల తిరుగుతది, గేర్‌బాక్స్ ఇంకో స్పీడ్‌ల తిరుగుతది. నడుమ ఆ ప్లేటు రాసుకొని రాసుకొని అరుగుతది.

లక్ష్మి: అచ్చం నా బతుకే. అటు మీ అమ్మ ఒక స్పీడు, ఇటు నువ్వొక స్పీడు.

యాదగిరి: (వినపడనట్టు) రిలీజ్ బేరింగ్ సుత ఖరాబే. హయత్‌నగర్ల ట్రాఫిక్ ఆగిందనుకో. ఎక్కుడున్న కాడ బ్రేక్ తొక్కాలె. వీడు క్లచ్ సగం వదిలి, బండిని అట్లనే వేలాడదీస్తడు. అన్ని టన్నుల లోడు, పిడికెడు మందం లేని ప్లేట్ మీద! వాసన రాదా వానికి?

లక్ష్మి: వానికి చిన్నప్పటి సంది ముక్కు పడిశం. పెండ్లికి ముందే చెప్పిన.

యాదగిరి: ఎవని పెండ్లికి?

లక్ష్మి: మన పెండ్లికి. నువ్వు వినలే.

(ఇక్కడ మిక్సీ రెండులో కాసేపు నడిచింది. ఆయన మాట నెగ్గినట్టే ఉంది. అయితే ఆయన గొంతు మిక్సీని మించి పోతుంది కాబట్టి నాకేమీ తప్పిపోలేదు.)

యాదగిరి: కంపెనోళ్లు తొమ్మిది గేర్లు ఎందుకిచ్చిన్రు? ముచ్చటకా? కింది గేర్ల బండి లేపుమని. వీడు నిండు లోడుతోటి నాలుగుల లేపుతడు. ఇంజన్ గురక పెడ్తుంటే రేస్ ఇస్తడు. బండి కదలక టైర్ గుంటల పడ్డదనుకో, ఫట్టున క్లచ్ వదుల్తడు. అప్పుడా దెబ్బ యాడికి పోతది? జాయింట్ క్రాస్‌కు, క్రౌన్ పినియన్‌కు, యాక్సిల్ రాడ్‌కు. ఎవడు దొరికితే వాని నడుము విరుగుతది.

లక్ష్మి: నిండు లోడు అంటివి. ఎంత లోడు?

యాదగిరి: ఎంతుంటది... మామూలుగనే.

లక్ష్మి: పోయిన నెల సిమెంట్ బిల్లు నా కాడున్నది. 440 బస్తాలు. బస్తా 50 కిలోలు. లెక్క నువ్వు చెప్తవా, నేను చెప్పాలెనా?

యాదగిరి: ...

లక్ష్మి: 22 టన్నులు. బండి సొంత బరువు 9. మొత్తం 31. పది టైర్ల బండికి 25 టన్నులుంటే, సర్కారు 2018ల 28.5 చేసింది. ఆ దినం నువ్వు మిఠాయి పంచినవ్, యాదున్నదా? ఆ పెంచింది సుత సాలలేదు నీకు. ఇంక నా తమ్ముని కాలు ఏం చేస్తది?

యాదగిరి: రెండు టన్నులే గదా...

లక్ష్మి: రెండున్నర. ఇడ్లీ మీద ఇడ్లీ పెట్టుకుంట పోయి, ప్లేట్ వంగిందంటే ఇడ్లీ తప్పా?

(ఈ పాయింటు ఆవిడదే. ఓవర్‌లోడు కేసులో డ్రైవర్‌ను తిట్టే ఓనర్లను నేను ఇదివరకూ చూశాను, వాళ్లంతా గొంతు ఇలాగే పెంచుతారు.)

యాదగిరి: సరే, లోడు వదిలెయ్! గేర్ రాడ్ మీద చెయ్యి వదలడు గదా, దానికేమంటవ్? తలగడ మీద పెట్టినట్టు చెయ్యి పెట్టుకొని తోల్తడు. ఆ బరువు లోపల గేర్లు మార్చే ఫోర్క్ మీద పడ్తది. ఫోర్క్ పోయి తిరిగే గేర్‌కు రాసుకుంటది. ఊరికె పెట్టిన చెయ్యే గదా అనుకుంటరు.

లక్ష్మి: నువ్వు టీవీ రిమోట్ మీద పెట్టినట్టు.

యాదగిరి: నవ్వకు. అన్నిటికంటె పెద్ద పాపం ఇంకోటున్నది. శ్రీశైలం ఘాట్ల దిగేటప్పుడు, డీజిల్ మిగుల్తదని బండిని న్యూట్రల్ చేస్తడు! ఇంజన్ పట్టు పోతది, బరువంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాల్తయి. అదొక్కటే అయితే నేను ఇంత మొత్తుకోను. బాక్స్ లోపల ఏమైతదో ఎర్కనా నీకు?

లక్ష్మి: చెప్పు. పప్పు నలిగేదాక పనేం లేదు.

యాదగిరి: (కుర్చీ జరుపుకున్న చప్పుడు. పాఠం మొదలు.) బాక్సుల కింద కౌంటర్ షాఫ్ట్ ఉంటది. సగం ఆయిల్ల మునిగి ఉంటది. దాన్ని తిప్పేది ఇంజన్. అది తిరిగి ఆయిల్ చిమ్మితేనే పైనున్న మెయిన్ షాఫ్ట్‌కు, దాని బేరింగులకు తడి తగుల్తది. కవ్వం తిప్పితేనే గదా మజ్జిగ పైకి చిమ్మేది?

లక్ష్మి: నా గోడల మీద చూస్తనే ఉన్న.

యాదగిరి: ఆ! ఇప్పుడు న్యూట్రల్ల పెట్టి దిగినవనుకో. వెనుక టైర్లు ఉరుకుతయి, వాటితోటి, బాక్స్‌ను వెనుక టైర్లకు కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాంతోటి మెయిన్ షాఫ్ట్ ఉరుకుతది. కింద కౌంటర్ మాత్రం స్లో ఇంజన్‌తోటి కునుకు తీస్తుంటది. ఆయిల్ సరిగ చిమ్మదు. పైన ఎండుతది, వేడెక్కుతది. ఇంజన్ బందే చేసినవనుకో, ఇంక కౌంటర్ తిరుగనే తిరుగదు. ఒక్క చుక్క పైకి రాదు. మెయిన్ షాఫ్ట్ నీలం రంగుకు తిరుగుతది, బేరింగులు పట్టేస్తయి. లక్ష రూపాయల వస్తువు గాలిల కలిసినట్టే.

లక్ష్మి: మంచిగ చెప్పినవ్. నాకే సమజైంది.

యాదగిరి: సమజైతే చాలు. అందుకే ఈ నెల వాని జీతంల నాలుగు వేలు కోసిన.

లక్ష్మి: ఏందీ?!

యాదగిరి: దుబారా చేసేది వాడు, దాచేది నేను. చూడు, గురువారం చౌటుప్పల్ కాడ డీజిల్ పంపు పోయి ఖాళీ బండి ఆగింది గదా. అక్కడి మెకానిక్ ఏదో ఇప్పాలె, 1,500 అన్నడు. ఒక్క రూపాయి ఇయ్యలే. దోస్తు లారీ లాగేటట్టు దానికి టోచన్ కట్టి, గాలి పైపు దానికే కలిపి, నేనే స్టీరింగ్ పట్టుకొని ఆటోనగర్ దాక తెచ్చిన. పంపు బాగు చేపిచ్చి స్టార్ట్ చేస్తే బాక్సుల రాళ్లు రుబ్బిన మోత! అన్ని దినాలు వాడు చేసిన పాపం ఆ దినమే పండింది.

(ఫోను మోగింది. ఆయన స్పీకర్ పెట్టాడు. నాకోసమే అన్నట్టు.)

ఖాదర్ భాయ్: సేఠ్, బాక్స్ విప్పిన.

యాదగిరి: క్లచ్ ప్లేట్ బొగ్గయిందా?

ఖాదర్ భాయ్: లేదు సేఠ్. ప్లేట్ ఇంకా ఏడాది నడుస్తది. ఫోర్కులు ఠీక్. గేర్ పళ్లు సుత ఠీక్. మెయిన్ షాఫ్ట్ మాత్రం నీలం తిరిగింది, మీది బేరింగులు కాలినయి. కింది కౌంటర్ బేరింగులు కొత్తయి లెక్క మెరుస్తున్నయి. ఆయిల్ సుత నిండుగున్నది.

యాదగిరి: ఆయిల్ ఉంటే ఎట్ల కాల్తది?

ఖాదర్ భాయ్: అదే అడుగుదామని చేసిన. టోచన్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇప్పిన్రు గదా?

(నిశ్శబ్దం. నేను మెట్టు మీద కూర్చున్నాను.)

ఖాదర్ భాయ్: హలో... సేఠ్?

యాదగిరి: సిగ్నల్ లేదు భాయ్. (పెట్టేశాడు.)

లక్ష్మి: సిగ్నల్ నిండుగున్నది. సరేగాని, ఆ చౌటుప్పల్ మెకానిక్ ఇప్పాలె అన్నది ఏంది?

యాదగిరి: ఏదో ఒకటి అన్నడు. నాలుగు బోల్టులు.

లక్ష్మి: యాడి బోల్టులు?

యాదగిరి: ...ప్రొపెల్లర్ షాఫ్ట్‌వి.

లక్ష్మి: అంటే వెనుక టైర్లు ఉరికినయి, వాటితోటి ప్రొపెల్లర్ ఉరికింది, దాంతోటి మెయిన్ షాఫ్ట్ ఉరికింది. ఇంజన్ బంద్. కింద కౌంటర్ తిరుగలే. కవ్వం తిరుగలే. ఒక్క చుక్క పైకి రాలే. ఎంత దూరం?

యాదగిరి: ఎంతో లేదు. 35 కిలోమీటర్లుంటది.

లక్ష్మి: ఘాట్ కంటె ఎక్కువనా, తక్కువనా?

యాదగిరి: ఛాయ్ పెడ్తవా?

లక్ష్మి: ఆ దినం తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, ఇప్పిద్దాం అంటే బావ నాకే నేర్పుతవా అంటుండు" అన్నడు. ఏం ఇప్పాల్నో నాకప్పుడు సమజ్ కాలే. ఇయ్యాల నువ్వే మంచిగ సమజ్ చేసినవ్.

యాదగిరి: వాడు గట్టిగ చెప్పొద్దా మరి? డ్రైవర్ అన్నంక బాధ్యత ఉండాలె.

లక్ష్మి: ఆ నాలుగు వేలు ఇయ్యాలనే వానికి పంపు. 1,500 మిగిలిచ్చినవ్ గదా, అండ్లకెళ్లి ఇయ్యి.

యాదగిరి: 1,500లకెళ్లి 4,000 ఎట్ల ఇస్త?

లక్ష్మి: 28.5 టన్నుల బండ్లె 31 పట్టిచ్చినోనివి. నీకు రాని లెక్కనా?

(కిందినుంచి పప్పు జార్‌లోకి జారిన చప్పుడు. బాగానే పోసినట్టుంది. నీళ్ల చప్పుడు వినపడలేదు. తర్వాత మిక్సీ ఒకటి, రెండు ఏమీ లేకుండా నేరుగా మూడులో లేచింది, మా మెట్లు కూడా సన్నగా వణికాయి. నేను ఆయన కేక కోసం చెవి కిటికీకి ఆనించాను. ఎంతసేపటికీ రాలేదు.)