అడ్డం నిలబడేవాళ్ళ కోసం అడ్డంగా వాదించేవాళ్ళు

అమెరికాలో ఏప్రిల్ వచ్చిందంటే పన్ను రిటర్నులు వేసే చిన్న పని ఒకటుంటుంది. పదిహేనో తేదీలోగా జనం దాన్ని ఎలాగో వదిలించుకుని, ఆ తర్వాత దేశానికి నిజంగా అవసరమైన పని మీద కూర్చుంటారు. తమ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి లెఫ్ట్ టాకిల్ కావాలా, రైట్ గార్డ్ కావాలా అన్నది తేల్చే పని. నెలాఖరున ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్. 32 జట్లు, ఏడు రౌండ్లు, కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాళ్ళని వరసపెట్టి ఏరుకోవడం. ఆ ఏరుకోవడానికి ప్రతి జట్టు దగ్గరా జీతాలు తీసుకుని ఆటగాళ్ళని వెతికే స్కౌట్లున్నారు, జనరల్ మేనేజర్లున్నారు. అలాగని ఇంత పెద్ద విషయాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టి ఊరుకుంటే ఎలా? అందుకే పళ్ళ డాక్టర్లు, ప్లంబర్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు పిలవకుండానే వచ్చి ఆ భారం నెత్తికెత్తుకున్నారు. వారి త్యాగాన్ని ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చడానికే.

ముందు విషయం తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. అఫెన్సివ్ లైన్ అంటే ఐదుగురు మనుషులు: మధ్యలో సెంటర్, అతనికి చెరోవైపు గార్డులు, రెండు చివర్లలో టాకిళ్ళు. ఒక్కొక్కరూ నూట ముప్పై, నూట నలభై కిలోలు. బంతి విసరరు, పట్టుకుని పరిగెత్తరు. వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అవతలివాళ్ళు దూకకుండా రెండు మూడు సెకన్లు అడ్డం నిలబడాలి, అంతే. పెళ్ళిపందిరి గుంజల్లాంటివాళ్ళు, పందిరి పెళ్ళికొడుకు నెత్తిన కూలితే తప్ప అటువైపు ఎవరూ తలతిప్పి చూడరు.

ఆట జరిగే అయిదు నెలల్లోనూ అభిమాని చూసేది బంతినే. బంతి ఎటుపోతే కళ్ళు అటు. లైన్‌లో వాడి నంబరు చెవిన పడేది అవతలివాణ్ణి చేత్తో పట్టేసుకున్నాడని రిఫరీ మైకులో హోల్డింగ్ పెనాల్టీ చదివినప్పుడు, పేరు తెలిసేది క్వార్టర్‌బ్యాక్ కుంటుకుంటూ బయటికెళ్ళినప్పుడు. అలాంటి అభిమానికి ఏప్రిల్ మొదటివారంలో ఏదో దివ్యదృష్టి వచ్చేస్తుంది. ఎక్కడో అయోవాలోనో అలబామాలోనో ఆడే కుర్రాడి పాదాలు మంచు మీద జారినట్టు కదులుతున్నాయంటాడు. ఇంకోడి చేతులు ఆలస్యంగా లేస్తున్నాయంటాడు. మరొకడికి అన్నీ ఉన్నాయి గాని నడుం వంగదని పెదవి విరుస్తాడు. టీపాయ్ మీదున్న రిమోట్ కోసం తను వంగడు, పక్కవాణ్ణి అందివ్వమంటాడు. అది వేరే సంగతి.

అన్నిటికన్నా లోతైనది చేతుల శాస్త్రం. టాకిల్ చెయ్యి కనీసం 33 అంగుళాలుండాలి, 34 ఉంటే మహాప్రసాదం. 2025లో విల్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో మూడేళ్ళు లెఫ్ట్ టాకిల్‌గా ఆడి డ్రాఫ్ట్‌కొచ్చాడు. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్ళని కొలిచి పరీక్షించే ఇండియానాపోలిస్ కంబైన్‌లో టేపు పెట్టి కొలిస్తే చెయ్యి 32 అంగుళాల మీద అయిదు బై ఎనిమిది. దేశం గుండెల్లో రాయి పడింది. మూడేళ్ళపాటు ఆ చేతులతోనే దేశంలోకెల్లా మొరటు కుర్రాళ్ళని ఆపాడన్న మాట ఎవరికీ ఆనలేదు. టేపు ముందు సాక్ష్యం చెల్లదు కదా. వీడు టాకిల్ కాదు, గార్డ్ అని తీర్పులొచ్చాయి. కొన్ని వారాల తర్వాత కాలేజీలోనే స్కౌట్ల ముందు పరీక్షలు జరిగే ప్రో డే రోజున మళ్ళీ కొలిస్తే సరిగ్గా 33. మూడు బై ఎనిమిది అంగుళం ఎక్కణ్ణుంచి మొలిచిందో వైద్యశాస్త్రం తేల్చాలి. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మాత్రం తేల్చేదాకా ఆగకుండా అతన్ని నాలుగో పిక్‌లో, అంటే ఏరుకునే వరసలో నాలుగో వంతులో, తీసేసుకుని లెఫ్ట్ టాకిల్‌గానే నిలబెట్టింది. గార్డ్ అని తీర్పు చెప్పినవాళ్ళు ఆనాటినుంచి ప్రతి ఆటలోనూ ఎవరు అతన్ని దాటిపోతారా అని కాచుకుని ఉన్నారు. ఆ కాసేపూ బంతివైపు కూడా చూడటం లేదు. లైన్‌ని ఆట జరుగుతుండగా చూసే అభిమానులంటూ దేశంలో ఉంటే వాళ్ళే.

ఈ విద్యకు కాశీలాంటి ఊరు ఒహాయోలోని సిన్సినాటి. అక్కడి జట్టు బెంగాల్స్. 2020లో మొదటి పిక్‌లో జో బరో అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. ఆ నవంబరులో వాషింగ్టన్‌లో ఆడుతుంటే అతని మోకాలు తిరగబడి లిగమెంట్లు తెగాయి. తర్వాతి డ్రాఫ్ట్‌లో వాళ్ళది అయిదో పిక్. ఎదురుగా ఇద్దరున్నారు: ఒరెగాన్ టాకిల్ పెనే సూవెల్, కాలేజీలో బరో విసిరిన బంతులు పట్టిన రిసీవర్ జమార్ చేజ్. ఊరు రెండు పక్షాలైంది. మోకాలు పోయినవాడికి అడ్డుగోడ కట్టకుండా ఆటబొమ్మ కొనిస్తారా అని లైన్ పక్షం. పాయింట్లు కొట్టేవాడు లేకపోతే గోడ నాకడానికా అని రిసీవర్ పక్షం. సూవెల్, చేజ్ ఇద్దరూ కోవిడ్ కాలంలో పక్కకి తప్పుకుని 2020 సీజన్ ఆడనే లేదు. కొత్తగా చూడటానికి ఒక్క వీడియో కూడా లేదు. వాదనకి అంతకన్నా అనువైన పరిస్థితి ఇంకేముంటుంది?

2021 ఏప్రిల్ 29న అదే ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో డ్రాఫ్ట్. బెంగాల్స్ చేజ్‌ని తీసుకున్నారు. రెండు పిక్‌ల తర్వాత సూవెల్ డెట్రాయిట్ పాలయ్యాడు; అక్కడి జనరల్ మేనేజర్ గదిలో గంతులేస్తున్న వీడియో సిన్సినాటి లైన్ పక్షం గాయం మీద కారం చల్లింది. ఆగస్టు ప్రాక్టీస్ ఆటల్లో చేజ్ చేతికొచ్చిన బంతుల్ని జారవిడిచాడు. ఎందుకయ్యా అంటే, కాలేజీ బంతికి తెల్లచారలుంటాయి, ఈ బంతికి లేవు, కనపట్టం లేదన్నాడు. లైన్ పక్షానికి ఆ నెలంతా పండగే. సెప్టెంబరు మొదటి ఆటలో చేజ్ బంతులు పట్టి 101 గజాలు కొట్టాడు, అందులో అవతలి చివరి గీత దాటిన యాభై గజాల టచ్‌డౌన్ ఒకటి. కొత్త ఏడాది రెండో రోజున కాన్సాస్ సిటీ మీద 266 గజాలు కొట్టాడు. మొదటి ఏడాది ఆడేవాడెవడూ అంతకుముందు అంత కొట్టలేదు. చారల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

మరి గోడ? బరోని ఆ సీజన్‌లో అవతలివాళ్ళు 51 సార్లు కింద పడేశారు. ప్లేఆఫ్‌లో టెనెసీ ఒక్క ఆటలోనే తొమ్మిదిసార్లు పడేసింది, అయినా బెంగాల్స్ 19-16తో గెలిచారు. చివరి కిక్ కొట్టి గెలిపించింది ఎవాన్ మెక్‌ఫర్సన్, అదే డ్రాఫ్ట్‌లో అయిదో రౌండ్‌లో తీసుకున్న కికర్. అతని కోసం ఏప్రిల్‌లో ఎవరూ గొంతు చించుకోలేదు, అతని చేతులు ఎన్ని అంగుళాలో కూడా ఎవరూ అడగలేదు.

అలా లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ దాకా వెళ్ళారు. లాస్ ఏంజిలిస్ రామ్స్‌తో ఆట. ఏడుసార్లు పడ్డాడు బరో. ఆట చివర 23-20తో వెనకబడి ఉన్నారు, నలభై మూడు సెకన్లే మిగిలాయి, చివరిదైన నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. బంతి బరో చేతికొచ్చిన మరుక్షణం ఆరన్ డోనల్డ్ లైన్‌ని చీల్చుకొచ్చి అతన్ని పట్టి తిప్పేశాడు. సరిగ్గా అదే క్షణంలో మైదానం అంచున చేజ్ తనని కాపలా కాస్తున్న జాలెన్ రామ్సీని దాటేసి ఒంటరిగా పరిగెడుతున్నాడు. ఆ ఒక్క ఫొటో చూసి రెండు పక్షాలవాళ్ళూ తామే గెలిచామన్నారు. చూశారా, చేజ్ ఎంత ఖాళీగా ఉన్నాడో అని వీళ్ళు. చూశారా, విసరడానికి అర సెకను కూడా లేదు అని వాళ్ళు. లోకంలో ఏ న్యాయస్థానమూ ఇరుపక్షాలకీ ఖర్చులతో సహా ఇంత సమానంగా తీర్పివ్వలేదు.

ఇందులో ఇంకో కథ ఉంది, దాని గురించి సిన్సినాటిలో గొంతు తగ్గించి మాట్లాడతారు. లైన్ పక్షం మొక్కులన్నీ తీరిన ఏడాది 2015. మొదటి రౌండ్‌లో టాకిల్, రెండో రౌండ్‌లోనూ టాకిల్: సెడ్రిక్ ఒబువేహి, జేక్ ఫిషర్. కుర్రాళ్ళొచ్చారు కదా అని 2017లో పదకొండేళ్ళుగా ఆడుతున్న లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ విట్‌వర్త్‌ని పోనిచ్చారు. కుర్రాళ్ళిద్దరూ నాలుగేళ్ళకే ఊరు విడిచారు. విట్‌వర్త్ ఎక్కడికెళ్ళాడు? రామ్స్‌కి. ఆ సూపర్ బౌల్‌లో నలభయ్యేళ్ళ వయసులో అవతలివైపు లెఫ్ట్ టాకిల్ అతనే. గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరం అతనికి దక్కింది. ఇంట్లో ఉన్న టాకిల్‌ని సాగనంపి, టాకిల్ లేడని ప్రతి ఏప్రిల్‌లోనూ గుండెలు బాదుకోవడం మాత్రం ఆ ఊరికి మిగిలింది.

సిన్సినాటి శివార్లలో మేసన్ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే స్థిరపడ్డారు. అమెరికా వచ్చిన తొలి రోజుల్లో మనవాడికి ఫుట్‌బాల్ అంటే మాటిమాటికీ ఆగిపోయే ఆట. ఇల్లు కొన్నాక క్వార్టర్‌బ్యాక్ పేరు తెలుస్తుంది. లెఫ్ట్ టాకిల్ గురించి బాధ మొదలైందంటే ఇక మనిషి ఇండియాకి తిరిగెళ్ళడని రాసిపెట్టుకోవచ్చు. ఒక పాట్‌లక్‌లో కొత్తగా వచ్చిన కుర్రాడు పెరుగన్నం కలుపుకుంటూ అమాయకంగా అడిగాడు: "అన్నా, ఇంతకీ ఆ ఐదుగురూ ఏం చేస్తారు?"

"అడ్డం నిలబడతార్రా."

"ఊరికేనా?"

"ఊరికే ఎందుకు? ఆ సూవెల్‌కి నాలుగేళ్ళకి నూట పన్నెండు మిలియన్ డాలర్లిచ్చారు."

కుర్రాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. మరుసటి ఏప్రిల్‌కి ఏ టాకిల్ కాళ్ళు బరువో చెప్పడం మొదలుపెట్టాడు.

సమస్య ఇంత తీవ్రంగా ఉంది కాబట్టి ప్రభుత్వం వెంటనే ఒక శాశ్వత కమిషన్ వేయాలని నా మనవి. కంబైన్‌లో వాడే టేపుని, ప్రో డేలో వాడే టేపుని పక్కపక్కన పెట్టి కొలిపించాలి. ఏ జట్టు ఎవర్ని తీసుకుంటుందో ముందే ఊహించి మాక్ డ్రాఫ్ట్ రాసేవాళ్ళు ఏప్రిల్‌లో ఏం రాశారో డిసెంబరులో నలుగురిలో నిలబెట్టి చదివించాలి. ఇది కాస్త కఠినమే, అయినా తప్పదు. ఇక కమిషన్ ముందుకొచ్చే మొదటి ఫైలు 2022 డిసెంబరు 11 నాటిది. డెట్రాయిట్, మినెసోటాల మధ్య ఆట చివరికొచ్చింది. మూడో ప్రయత్నం, ఏడు గజాలు కావాలి. డెట్రాయిట్ క్వార్టర్‌బ్యాక్ బంతిని విసిరింది రిసీవర్‌కి కాదు, సూవెల్‌కి. నూట యాభై కిలోల టాకిల్ బంతి పట్టుకుని తొమ్మిది గజాలు పోయాడు. ఆట డెట్రాయిట్‌దే. అంతంత మనిషి కూడా చివరికి రిసీవర్ పనే చెయ్యాల్సొచ్చింది కాబట్టి ఆ తొమ్మిది గజాలూ తమ ఖాతాలో రాయాలని రిసీవర్ పక్షం కోరుతోంది. ఆ రోజు టాకిల్‌ని తీసుకుని ఉంటే రిసీవర్ కొసరుగా వచ్చేవాడని లైన్ పక్షం కౌంటర్ దాఖలు చేసింది. వాయిదా వచ్చే ఏప్రిల్‌కి పడింది.