“పాడయ్యేదాకా నడుపు, పాడైతే పారేయ్” అనే లెక్కలో తప్పులు

కొత్త కారు కొనడమంటే డబ్బు తగలేసుకోవడమేననీ, తెలివైనవాడు దొరికినంతలో అతి చవకైన పాత కారును కొని, దానిమీద మళ్లీ పైసా పెట్టకుండా పాడయ్యేదాకా నడిపి, పాడైన రోజున తుక్కుకు వేసి ఇంకొకటి కొంటాడనీ చెప్పే సలహా ఒకటి ఏళ్ల తరబడి చేతులు మారుతూనే ఉంది. దానికి ఆసరాగా కొన్ని వాదాలు చెబుతారు. ధర పడాల్సినంతా పడిపోయింది కాబట్టి ఇక తరుగుదల ఉండదట. కారు విలువకు మించిన రిపేరు ఎన్నడూ చేయించకూడదట. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండిని చూసుకుని, ఇంజన్ చప్పుడు బాగుంటే కళ్లు మూసుకుని కొనేయవచ్చట. పాత కార్ల రేకు మందం కాబట్టి ప్రమాదంలో అవే మేలట. వాటిలో ఎలక్ట్రానిక్స్ ఉండవు కాబట్టి ఎవరైనా బాగుచేయగలరట.

నేను ఇంతవరకూ కొత్త కారు కొనలేదు, ఇకముందు కొంటాననీ అనుకోను. చవక కారు మీద నాకు చులకన లేదు. చవక కారును నిజంగా చవకగా నడపడానికి ఏం చేయాలో, సరిగ్గా అదే చేయవద్దని ఈ సలహా చెబుతోంది కాబట్టి దీన్ని ఖండించవలసి వస్తోంది.

మొదట తరుగుదల సంగతి చూద్దాం. పదేళ్లు దాటిన కారు ధర కొత్త కారు ధరలాగా ఏటేటా భారీగా పడిపోదన్న మాట నిజం. ఈ సలహాకు ఉన్న బలమంతా అందులోనే ఉంది. అయితే తరుగుదల తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గినట్టు కాదు. కొన్న ధర చిన్నదైనకొద్దీ ఇంధనం, బీమా, టైర్లు, బ్యాటరీ, పేరు మార్పిడి వంటివే మొత్తం ఖర్చులో పెద్ద వాటా అవుతాయి, ఇవేవీ కారు చవకైనంత మాత్రాన చవక కావు. పైగా “పాడైతే పారేయ్” పద్ధతిలో ప్రతి కారుకూ పేరు మార్పిడి, బీమా, టైర్లు వంటి ఈ ప్రవేశ ఖర్చును మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాలి.

ఊహకోసం కారు ధరను 100 అనుకుందాం. పేరు మార్పిడికీ బీమాకీ 10, తప్పనిసరి టైరూ బ్యాటరీకి 20 పెట్టి, ఏడాది నడిపి, 20కి తుక్కుకు వేశామనుకుంటే ఏడాదికి 110 ఖర్చయినట్టు. మూడేళ్లలో మూడు కార్లకు 330. అదే 100 పెట్టి కొన్న మొదటి కారుకే మొదట్లో 40 పెట్టి ద్రవాలు, బెల్టు, టైర్లు సరిచేయించి, ఆపైన ఏడాదికి 35 చొప్పున రిపేర్లకు పెట్టి, ఏటా బీమాకు 8 కట్టి, మూడేళ్ల తర్వాత అదే 20కి తుక్కుకు వేస్తే మొత్తం 249 అవుతుంది. ఇవి నేను వేసుకున్న అంకెలే కాబట్టి ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. ఏ అంకెలు వేసుకున్నా కొన్న ధరతో పాటు ఆ కారు ఎన్ని నెలలు నడిచిందన్నదీ లెక్కలోకి రావాలి, సలహాలో ఆ నెలల ఊసే లేదు. నడిరోడ్డు మీద ఆగిపోయిన రోజున లాగించుకుపోయే ఖర్చూ, పోయిన కూలీ లేదా సెలవూ దానిలో అసలే కనిపించవు.

కారు విలువకు మించిన రిపేరు చేయించకూడదన్న రెండో వాదం పైకి అన్నిటికన్నా సబబుగా కనిపిస్తుంది. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదేననిపిస్తుంది. రిపేరు ఖర్చును కారు అమ్మకపు ధరతో పోల్చడంలోనే పొరపాటు ఉంది, ఎందుకంటే మనం ఆ కారును అమ్మబోవడం లేదు, నడపబోతున్నాం. పోల్చవలసింది అదే డబ్బుకు వచ్చే మరో కారుతో. కారు విలువ 100, రిపేరు 120 అయితే, తుక్కుకు వచ్చే 20 కలుపుకొని మన చేతిలో ఉండేది 140. ఆ 140కి దొరికేది మనకు చరిత్ర తెలియని కారు. దాని క్లచ్ ప్లేటు ఎంత అరిగిందో, రేడియేటర్లో ఎవరు ఎన్నాళ్లు ఉత్త నీళ్లు పోశారో మనకు తెలియదు, వచ్చే నెలలో అది కూడా ఇదే రిపేరు అడగవచ్చు. చేతిలో ఉన్న కారుకు టైర్లు మనమే వేయించాం, బెల్టు మనమే మార్పించాం. ఏడాది పాటు దగ్గరుండి చూసిన బండికి ఉండే విలువ మార్కెట్ ధరలో కనిపించదు. ఈ లెక్క ప్రకారం కూడా వదులుకోవలసిన కార్లు ఉన్నాయి: కింది చట్రానికీ, సస్పెన్షన్ బిగించే చోటులకీ తుప్పు పట్టినవి, సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకు వచ్చిన సమయంలోనే గేర్‌బాక్సు కూడా మొరాయిస్తున్నవి. వాటిని వదిలేయడానికి కారణం వాటి స్థితి. ధరకూ రిపేరుకూ మధ్య నిష్పత్తి దానికి గీటురాయి కాదు.

ఇందులోనే దాగి ఉన్న మరో మాట, సర్వీసుకు పైసా పెట్టవద్దన్నది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడం అంటే ఇదే. చాలా ఇంజన్లలో పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్‌షాఫ్టునూ, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టునూ కలిపే టైమింగ్ బెల్టు రబ్బరుది. దానికి తయారీదారు కిలోమీటర్లలోనూ, సంవత్సరాలలోనూ గడువు పెడతాడు, ఏది ముందు వస్తే దానికి మార్చాలి. వాల్వులూ పిస్టన్లూ ఒకే చోటును వంతులవారీగా వాడుకునే ఇంజన్లలో ఆ బెల్టు తెగితే పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును కొడుతుంది, వాల్వులు వంగిపోతాయి. ఒక బెల్టు ఖర్చు అక్కడ సిలిండర్ హెడ్డు ఖర్చవుతుంది. బయటికి పోయే పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సరు మందగించినా ఇదే కథ. ఇంజన్ కావలసిన దానికన్నా ఎక్కువ ఇంధనం తాగుతుంది, కాలకుండా మిగిలినది వెళ్లి పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, చివరకు సెన్సరుకు పెట్టని డబ్బుకు ఎన్నో రెట్లు కన్వర్టరుకు పెట్టవలసి వస్తుంది.

బ్రేకు ద్రవం సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. బ్రేకు ద్రవాలకు ఉన్న డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస స్థాయి 155 డిగ్రీలకు దిగిపోతుంది. పొడవాటి దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరి అవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు నేలకు తాకుతుంది, బండి మాత్రం ఆగదు. చాలామంది తయారీదారులు రెండు మూడేళ్లకోసారి ఆ ద్రవాన్ని మార్చమని చెప్పేది ఇందుకే. పైసా పెట్టవద్దనేవారు ఈ పైసాను కూడా అందులోనే కలిపేస్తున్నారు.

తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారే మంచిదన్న వాదానికి నా సొంత అనుభవమే జవాబు. ఒకసారి పన్నెండేళ్ల కారు చూడటానికి వెళ్లాను. మీటరులో 38,000 కిలోమీటర్లు ఉన్నాయి, అమ్మే ఆయన ఆ అంకెను మూడు నాలుగు సార్లు గుర్తుచేశాడు. బ్రేకు పెడలు మీది రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది. డ్రైవరు సీటు బయటి అంచు దారాలు లేచి ఉన్నాయి, స్టీరింగ్ మీద చేతులు పట్టే రెండు చోట్లా తోలు గాజులా తయారైంది. బానెట్ ఎత్తి, రేడియేటర్ పైనున్న అడ్డరేకు మీద దుమ్ము తుడిస్తే, పాత సర్వీసు చీటీ ఒకటి అంటుకుని ఉంది: తర్వాతి ఆయిల్ మార్పు 91,000 దగ్గర అని బాల్‌పాయింట్ పెన్నుతో రాసి ఉంది. మీటరును వెనక్కి తిప్పినవారికి ఆ చీటీ కనిపించలేదు. నేను ఏమీ అనకుండా బానెట్ మూసి వచ్చేశాను.

మీటరు నిజమే చెప్పిందనుకున్నా, తక్కువ తిరగడం అంటే తక్కువ అరిగిందని అర్థం కాదు. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన నీరూ ఇంధనమూ ఆవిరై పోవు, సైలెన్సరు లోపలినుంచి తుప్పు పడుతుంది. నెలల తరబడి నిలబడిన కారులో టైరు పక్కలు పగులుతాయి, బ్రేకు డిస్కులు తుప్పు పట్టి, వాటిని నొక్కిపట్టే క్యాలిపర్లు బిగుసుకుంటాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చూస్తే దాని వయసు తెలిసిపోతుంది: 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు లోతుగానే ఉన్నాయి కదా అని అలాంటి టైరును నమ్మడం, పాత తాడు చూడటానికి బాగుందని బావిలోకి దిగడం లాంటిదే. ప్రతి పదివేల కిలోమీటర్లకూ ఆయిల్ మార్చినట్టు రసీదులున్న రెండు లక్షల కిలోమీటర్ల కారునూ, ఏ కాగితమూ లేని అరవై వేల కారునూ పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను.

పాత రేకు గట్టిదన్న నమ్మకం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బు కాదు. ప్రమాదంలో కారు ముందు భాగం నలగడం లోపం కాదు, ఆ నలగడంలోనే ఢీకొన్న శక్తి ఖర్చవుతుంది, మనుషులు కూర్చున్న గది మాత్రం నలగకుండా నిలవాలి. 2009లో అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే బీమా సంస్థల పరిశోధనాలయం 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 నాటి షెవర్లే మాలిబూనూ ఒక్కోటి గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, ముందు భాగంలో ఒక పక్క మాత్రమే తగిలేలా ఢీకొట్టించింది. బెల్ ఎయిర్‌లో మనిషి కూర్చునే గదే కుప్పకూలింది. మాలిబూలో అది నిలిచింది. 1950ల దాకా వెళ్లనక్కరలేదు. 2017లో కార్ల భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ తన ఇరవయ్యేళ్ల సందర్భంగా, 1997లో తాను పరీక్షించిన రోవర్ 100నూ కొత్త హోండా జాజ్‌నూ ఒకే రకం పరీక్షకు పెట్టింది. రెండూ చిన్న కార్లే. పాతదానిలో డ్రైవరు చోటు నలిగిపోయింది.

దీన్నిబట్టి పాత కారు కొననే కూడదని నేను అనను. పాతవాటిలోనే ఏది పాతది అన్న తేడా చూడమంటాను. కారు జారిపోతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే స్థిరత్వ నియంత్రణ వ్యవస్థను అమెరికా 2012 మోడల్ నుంచీ, యూరప్ 2014 చివరి నుంచీ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశాయి. అంటే ఆ వ్యవస్థ ఉన్న కార్లు ఇప్పుడు చవక ధరల్లోకి దిగుతున్నాయి. అతి చవకైన కారుకూ, అంతకన్నా కాస్త ఎక్కువ ధర పలికే ఆ వ్యవస్థ ఉన్న కారుకూ ఉన్న తేడా చిన్నది, ఆ తేడా దగ్గరే పిసినారితనం చూపమంటుంది సలహా.

ఎలక్ట్రానిక్స్ లేవన్న మాట ముప్పై ఏళ్ల కిందటి కార్లకు సరిపోయేది. అమెరికాలో 1996 మోడల్ నుంచీ, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచీ లోపాలను తానే నమోదు చేసుకునే కంప్యూటరు వ్యవస్థ తప్పనిసరైంది. నేటి అతి చవక కారులో కూడా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్‌ను కదలనివ్వని ఇమ్మొబిలైజర్, ఇంజన్ కంప్యూటరు ఉండటమే మామూలు. దీనివల్ల కొనేవాడికి ఒక మేలు ఉంది. అమ్మేవాడు హెచ్చరిక దీపం కనపడకుండా కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్‌లు చెరిపేసి ఉంటే, చిన్న స్కానరు తగిలించి అందులో కారు తనను తాను చేసుకునే పరీక్షల స్థితిని చూస్తే చాలు. వాటిలో చాలావరకు “పూర్తి కాలేదు” అని వస్తే, ఇటీవలే ఎవరో చెరిపారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. రెండు రోజులు నడిపాక మళ్లీ చూపించమని అడగవచ్చు. డీజిల్ కార్లలో అయితే ఇంజెక్టర్లూ, మసి వడపోతా, రెండు ముక్కల ఫ్లైవీలూ ఒక్కొక్కటే కారు ధరను మింగగలవు. తక్కువ దూరాలు తిరిగేవారు చవక డీజిల్ జోలికి పోకపోవడమే మేలు.

ఇక ఇంజన్ చప్పుడు. వేడెక్కిన ఇంజన్ దాదాపు ఎప్పుడూ బాగానే వినిపిస్తుంది, అందుకే చూపించే ముందు కొందరు దాన్ని నడిపి ఉంచుతారు. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెడితే తెలిసిపోతుంది. వెచ్చగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లిపోవాలి. చల్లని ఇంజన్‌ను మన ఎదుట మొదటిసారి తిప్పినప్పుడు సైలెన్సరు నుంచి ఒక్క దమ్ము నీలం పొగ వచ్చి తేలిపోతే వాల్వు సీళ్లు అరిగాయని అనుమానించాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంటే, సిలిండర్ హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిగురు ఉంటే అది గ్యాస్కెట్ కావచ్చు, చిన్న ప్రయాణాల తేమ కావచ్చు, కూలెంట్ కూడా చూసి గానీ తీర్పు చెప్పకూడదు.

ఆ పరీక్షలన్నీ అయి, బేరం కుదిరేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, దానికి ఖర్చు లేదు. తకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగును ఉబ్బించే కోట్లాది ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి పాడై, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు విసురుతుందని తేలాక వాటిని అనేక దేశాల్లో వెనక్కి పిలిచారు. పిలిచినా చేతులు మారుతూ పోయిన పాత కార్లకు ఆ కబురు చేరకపోవడం సహజం. చాసిస్ నంబరు రాసుకుని, ఆ కారు తయారీ కంపెనీకి ఇచ్చి, పెండింగులో రీకాల్ ఏదైనా ఉందా అని అడగాలి; ఉందంటే, ఆ భాగాన్ని మార్చిన కాగితం చూశాకే డబ్బు చేతికివ్వాలి.